బురదలో ఆగితే నాదే

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. ఒత్తులు ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెట్టి ఉంటాను, దీర్ఘాలు మధ్యలో జారిపోయి ఉంటాయి. రోజుకి ఒక పేజీ మించి చెయ్యి సాగదు. ఈ కథ రాయడానికి పదకొండు రోజులు పట్టింది. జరగడానికి మాత్రం ఒక్క పూటే పట్టింది. తప్పులు మన్నించి, మీరూ కాస్త నిదానంగా చదవండి.

ఒక అత్తగారికి ఇద్దరల్లుళ్ళు. పెద్దల్లుడు తలుపులు, కిటికీలు చేసే మేస్త్రి. చిన్నల్లుడు మొక్కల నర్సరీ నడుపుతాడు. అత్తగారు చిన్నల్లుడి ఇంట్లో ఉంటుంది. ముసలితనంలో నేర్చుకున్న చదువు తుప్పు పట్టకుండా, మొక్కలకి పేర్ల చీటీలు రాసి కడుతూ ఉంటుంది. నర్సరీకి వచ్చేవాళ్ళు ఆవిణ్ణి చీటీలమ్మ అంటారు. చాలా తెలివైన మనిషి అని ఆవిడ గురించి ఆవిడకి గట్టి నమ్మకం.

పెద్దల్లుడికి పన్నెండేళ్ళుగా ఒక పాత పికప్ బండి ఉండేది. వెనకంతా తెరిచి ఉంటుంది, ఎత్తుగా ఉంటుంది, దగ్గుతుంది, నూనె తాగుతుంది. నాలుగు నెలల కింద దాన్ని చిన్నల్లుడికి ఇచ్చేసి, తెల్లటి కొత్త వ్యాను కొనుక్కున్నాడు. ఇచ్చిన రోజు బండి గుట్లన్నీ దగ్గరుండి చెప్పాడు. ఎడమ తలుపు ఎక్కడ గుద్దితే తెరుచుకుంటుందో చెప్పాడు. వైపరు ఆగిపోతే చెయ్యి బయటపెట్టి ఎలా తొయ్యాలో చూపించాడు. ఒక్కటి మాత్రం చెప్పలేదు.

ఆ ఒక్కటీ ఇది. ఆ బండి నాలుగు చక్రాలతోనూ లాగగలదు. కాని లోపల గేరు వేస్తే చాలదు. ముందుగా కిందికి దిగి, ముందు చక్రాలు రెండింటిలో ఒక్కోదాని నడిమధ్యన ఉన్న గుండ్రటి మీటల్ని చేత్తో సగం చుట్టు తిప్పాలి. అప్పుడే ముందు చక్రాలు ఇంజనుతో కలుస్తాయి. ఇంకో సగం చుట్టు తిప్పితే విడిపోతాయి. మీట మీద ఎర్ర చుక్క ఒకటుంటుంది. చుక్క పైకి ఉంటే కలిసినట్టు, కిందికి ఉంటే విడిపోయినట్టు.

చెబుదామనే అనుకున్నాడు. మాట నాలుక మీదికి కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడే చిన్నల్లుడు బండి ముందు భాగాన్ని అరచేత్తో నిమిరి, పెళ్ళాంతో, "చూడు, ఎంత బాగుందో!" అన్నాడు. తను ఇంకా అక్కడ నిలబడి ఉండగానే తన వస్తువు ఇంకొకడిదైపోవడం పెద్దల్లుడికి గుచ్చుకుంది. మాట మింగేశాడు. తన పాత డ్రైవరు కోసం డాష్‌బోర్డు అర మూత మీద ఈ సంగతంతా ఎప్పుడో పెయింటుతో రాసిపెట్టాడు. తాళం చేతిలో పెట్టేముందు దాని మీద ఆ నెల క్యాలెండరు కాగితం ఒకటి అంటించేశాడు.

ఇక ఆ పొద్దుటి సంగతి. ఊరి బయట తోటలో ఒక ఆసామి కొత్తిల్లు కట్టుకుంటున్నాడు. ఆయనకి పెద్దల్లుడు చేసిన టేకు సింహద్వారం తలుపు చేరాలి. చిన్నల్లుడి దగ్గర కొన్న మూడు వందల మొక్కలూ చేరాలి. నాలుగు రోజులుగా వాన. తోట దారి మొత్తం బురద. కొత్త వ్యాను గడప చూసినా కడుపు గీసుకునే రకం. గత్యంతరం లేక, పెద్దల్లుడు తన తలుపుని తను వదిలించుకున్న బండిలోనే పంపించాల్సి వచ్చింది.

బండి వచ్చి వర్క్‌షాపు ముందు ఆగేసరికి అతని మొహం మాడిపోయింది. ఒంటినిండా నీలం రంగు. సీట్లకి గళ్ళ తొడుగులు. దగ్గు లేదు. చిన్నల్లుడు ఇంజను ఆపి, మళ్ళీ తాళం తిప్పి చూపించాడు. ఒక్క తిప్పుకి అందుకుంది. పెద్దల్లుడి హయాంలో అది మూడుసార్లు బతిమాలించుకునేది.

"దీని పేరు బుజ్జిది అన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు సిగ్గుపడుతూ. "పిల్లలు పెట్టారు."

పెద్దల్లుడి దగ్గర దానికి పేరే లేదు. కోపం వచ్చినప్పుడు పిలిచే మాటలు కొన్ని ఉండేవి కాని, అవి రాయదగ్గవి కావు.

పెద్ద కూతురు బయటికొచ్చి చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ బండి చుట్టూ తిరిగింది. "ఏవండీ, మన దగ్గరున్నప్పుడు దీనికి ఇంత కళ లేదు కదూ?"

"రంగేస్తే గోడకీ కళ వస్తుంది," అన్నాడు మొగుడు.

"మరి మనం పన్నెండేళ్ళలో ఒక్కసారైనా వెయ్యలేదేం?"

"నువ్వు లోపలికెళ్ళు."

"అన్నయ్య దగ్గర పెరిగిన బండి వదినా," అన్నాడు చిన్నల్లుడు వినయంగా. "నేను తుడిచానంతే."

ఆ వినయం చూసి పెద్దల్లుడికి ఒళ్ళు మరింత మండింది. పొగరుగా మాట్లాడి ఉంటే తిట్టి ఊరుకునేవాడు. వినయాన్ని ఏం చెయ్యగలడు?

"రోడ్డు మీద ఎవడైనా నడుపుతాడు తమ్ముడూ. ఇవాళ తోట దారి చూశావా? మోకాళ్ళ లోతు."

"దాటేస్తుందిలే అన్నయ్యా. ఫోర్ వీల్ గేరుంది కదా."

"ఓహో! గేరుందా?" పెద్దల్లుడు లోపల్లోపల నవ్వుకున్నాడు. మీటల సంగతి తెలియనివాడికి గేరుంటే ఎంత, లేకుంటే ఎంత. "సరే, ఒక మాటనుకుందాం. ఇవాళ ఈ బండి బురదలో ఆగిపోతే మళ్ళీ నాదే. నీకు ఊరికే అన్యాయం చెయ్యను. నా కొత్త వ్యాను నువ్వు తీసుకో. మొక్కలకి ఎండ తగలదు."

"కొత్త వ్యానా?" పెద్ద కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. "మతిపోయిందా మీకు?"

"నిన్ను లోపలికెళ్ళమన్నానా!"

చిన్నల్లుడికి ఈ పందెం ఇష్టం లేదు. వ్యాను ఎంత కొత్తదైనా, అది ఏ తోటలోకీ పోలేదు. బుజ్జిది పోతే సగం బేరాలు పోయినట్టే. కాని పెద్దవాడు నలుగురిలో అన్న మాటకి కాదనలేక తల ఊపాడు. "అత్తయ్యా, మీరు సాక్షి," అన్నాడు పెద్దల్లుడు. ముందు సీట్లో చీటీల కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అత్తగారు, "అలాగే బాబూ," అంది.

తలుపు జారకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి. దాంతో పెద్దల్లుడు వెనకెక్కి, మూడు వందల మొక్కల మధ్య టేకు తలుపుని కావిలించుకుని నిలబడ్డాడు. గతుకు వచ్చినప్పుడల్లా ఒక నిమ్మ మొక్క ముల్లు అతని చెవిలోకి తొంగిచూసేది. పన్నెండేళ్ళు స్టీరింగు పట్టుకున్న బండిలో ఇప్పుడు సామానుతోపాటు సామానై వెళ్తున్నాడు.

ముందు సీట్లో అత్తగారు చదువుకుంటోంది. ఆవిడకి కనిపించిన ప్రతి అక్షరమూ పైకి చదివే అలవాటు. బోర్డులు, గోడ మీది రాతలు, ముందెళ్ళే బస్సు వెనక రాసినవి, ఏదీ వదలదు. "పం... చ... ర్లు... వే... యబ... డును," అని ఒక బోర్డు పూర్తయ్యేలోపు రెండు బోర్డులు దాటిపోతాయి. చిన్నల్లుడు నాలుగు నెలలుగా ఇది వింటున్నాడు. ఎప్పుడు పిలిచినా "ఊఁ ఊఁ అత్తయ్యా" అనడం తప్ప చెవులు అటు పెట్టడం మానేశాడు.

ఊరు దాటాక బోర్డులు అయిపోయాయి. ఆవిడ చూపు ఎదురుగా ఉన్న అర మూత మీద పడింది. వాన తేమకి క్యాలెండరు కాగితం మూల లేచి ఉంది. గోటితో లాగితే మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. కింద ఎర్ర పెయింటు అక్షరాలు!

"బు... ర... ద... కి ముందు... దిగి... ముం... దు చక్రాల మీ... టలు... రెండూ... తిప్ప... వ... లెను. బాబూ, ఇక్కడేదో తిప్పమని రాసుంది."

"ఊఁ ఊఁ అత్తయ్యా."

"చు... క్క... పైకి... రా... వ... లెను. చుక్క పైకి రావాలట."

"ఊఁ ఊఁ."

ఊఁ కొట్టాడంటే ఒప్పుకున్నట్టే కదా అనుకుంది. తోట దారి మలుపు వచ్చింది. "బాబూ, ఒక్క నిమిషం ఆపు. దిగాలి," అంది.

అల్లుడి ముందు అత్తగారు దారిలో బండి ఆపమంటే మర్యాద తెలిసినవాడు ఎందుకని అడుగుతాడా? చిన్నల్లుడు గబుక్కున బ్రేకు వేసి, మొహం అవతలివైపు తిప్పి, కిటికీలోంచి ఆకాశంలోకి చూడసాగాడు. వెనక ఉన్న పెద్దల్లుడు కూడా సంగతి తనంతట తనే ఊహించుకుని, తలుపుకి నుదురు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఇద్దరు బుద్ధిమంతులు రెండు దిక్కులకి తిరిగి ఉండగా, అత్తగారు దిగి, ఎడమ చక్రం మీట తిప్పి, చుట్టూ తిరిగొచ్చి కుడి చక్రం మీట కూడా తిప్పి, రెండు చుక్కలూ పైకి వచ్చాయని చూసుకుని, చెయ్యి కొంగుకి తుడుచుకుని ఎక్కి కూర్చుంది.

"అయిపోయింది, పద."

చిన్నల్లుడు మారుమాట లేకుండా బండి కదిలించాడు.

బురద మొదలైంది. పెద్దల్లుడు వెనక తలుపుని బిగించి పట్టుకుని, మొదటి కుదుపు కోసం, చక్రాలు ఊరికే తిరిగే చప్పుడు కోసం, చిన్నల్లుడి మొహం కిటికీలోంచి బయటికి రావడం కోసం ఎదురుచూశాడు. ఏం అనాలో కూడా సిద్ధం చేసుకున్నాడు. "గేరుందిగా తమ్ముడూ!" అనాలి. అంతే అనాలి.

చిన్నల్లుడు గేరు వేశాడు. బండి ముక్కు వంచుకుని బురదలోకి దిగింది, పుట్టింటికి వెళ్తున్న కూతురిలా తిన్నగా నడిచి అవతలికి ఎక్కింది. కుదుపు లేదు, చప్పుడు లేదు. పెద్దల్లుడి నోట్లో మాట నోట్లోనే చల్లారిపోయింది.

తోట ఆసామి ఎదురొచ్చాడు. పొద్దున్నే ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. "ఏం తోలావయ్యా! మా ట్రాక్టరే ఇవాళ వెనకాడింది," అని చిన్నల్లుడి భుజం తట్టాడు. వెనక నుంచి తలుపుతో సహా దిగుతున్న పెద్దల్లుణ్ణి చూసి, "కూలీనా? జాగ్రత్త, తలుపు గీసుకుంటుంది," అన్నాడు.

"ఆయన మా అన్నయ్యగారండీ. తలుపు చేసింది ఆయనే," అన్నాడు చిన్నల్లుడు కంగారుగా.

"ఓ, మీరేనా! చూళ్ళేదు. ఆకులు అడ్డొచ్చాయి."

తలుపుని వరండా గోడకి ఆనించారు. అత్తగారు చీటీలు చదువుతూ ఉంటే మొక్కలు దింపారు. పెద్దల్లుడి మనసు మాత్రం చక్రాల దగ్గరే ఉంది. మీటలు తిప్పకుండా ఎలా దాటింది? అడుగుదామంటే, మీటలున్నాయని చెప్పాల్సి వస్తుంది. పన్నెండేళ్ళు తనకి చాకిరీ చేసిన బండి తన చేతిలో ఎన్నిసార్లు ఇరుక్కుంది! వీడి చేతిలో సగం బలంతోనే దాటేసింది! మనుషులు మారతారని తెలుసు కాని, బండి కూడా పార్టీ మారుస్తుందనుకోలేదు.

అప్పుడొక ఆలోచన తట్టింది. రెండు చక్రాలతోనే ఇలా దాటిందంటే, నాలుగూ లాగితే తన చేతిలో ఇంకెలా దాటుతుంది!

"ఇదీ ఒక బురదేనా?" అన్నాడు గట్టిగా. "ఇంతకంటే లోతు ఎక్కడా లేదాండీ?"

"ఎందుకు లేదూ!" అన్నాడు ఆసామి ఉత్సాహంగా. "అదిగో, ఇంటి ముందు పల్లం. మొన్న గేదె దిగితే తాడేసి లాగాం."

"తాళం ఇటివ్వు తమ్ముడూ."

"వద్దన్నయ్యా. ఇంజను పాతది, గట్టిగా తొక్కితే..."

"దీని ఇంజను సంగతి నువ్వు నాకు చెప్తావా? నువ్వు దీని మొహం చూడకముందు నుంచీ దీన్ని తొక్కుతున్నా!"

చిన్నల్లుడు తాళం ఇచ్చాడు. పెద్దల్లుడు ఎక్కి కూర్చుని, గళ్ళ తొడుగులు చూసి ఒకసారి పళ్ళు కొరికి, మళ్ళీ దిగాడు. టైర్లలో గాలి చూస్తున్నట్టు నటిస్తూ ముందు చక్రం దగ్గర వంగాడు. చక్రం నిండా బురద. ఎర్ర చుక్క ఉన్నచోట గుప్పెడు మట్టి. అయితేనేం, పన్నెండేళ్ళ అలవాటు. చేత్తో తడిమి మీట పట్టుకుని సగం చుట్టు తిప్పాడు. అటువైపు వెళ్ళి రెండోది కూడా తిప్పాడు. ఎవరూ చూడలేదనుకుని నవ్వుకున్నాడు.

అత్తగారు చూసింది. చేతిలో చీటీలు పట్టుకునే రెండడుగులు ముందుకొచ్చి, "అల్లుడుగారూ! అవి నేను పొద్దున్నే..." అంది.

అప్పటికే ఇంజను మొదలైంది. అత్తగారు చెయ్యి ఊపుతోంది. ఆశీర్వదిస్తోందనుకుని పెద్దల్లుడు కూడా చెయ్యి ఊపి, ఫోర్ వీల్ గేరు వేసి, పల్లంలోకి దూకించాడు.

బండి వెళ్ళినంత దూరం వెళ్ళి, నడుము లోతులో నిలబడింది. పెద్దల్లుడు తొక్కాడు. వెనక చక్రాలు గిర్రున తిరిగి, బురదని రెండు ఫౌంటెన్లలా పైకి లేపాయి. ముందు చక్రాలు ధ్యానంలో ఉన్నట్టు కదలకుండా ఉన్నాయి. ఆ సంగతి లోపలున్నవాడికి తెలియదు. వెనక్కి వేశాడు, ముందుకి వేశాడు, మళ్ళీ తొక్కాడు. మొదటి ఫౌంటెను వరండా దాకా వెళ్ళి టేకు తలుపు మీద పడింది. రెండోది ఆసామి తెల్ల చొక్కాని వెతుక్కుంటూ వచ్చింది.

"నా చొక్కా!" అన్నాడు ఆసామి. తర్వాత వెనక్కి తిరిగి చూసి, "నా తలుపు!" అన్నాడు.

"అన్నయ్యా, ఆపండి! వేడెక్కుతోంది!" చిన్నల్లుడు గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తాడు. "మీటరు ముల్లు చూడండి! ముల్లు!"

పెద్దల్లుడు విన్నాడు. విని, 'ఓర్వలేకపోతున్నాడు,' అనుకున్నాడు. ఆ మాట మనసుకి ఎంతో హాయిగా అనిపించింది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి కుళ్ళుకోవడం అవతలివాడి వంతయింది. ఆ హాయిలో యాక్సిలరేటరు నేలకి అంటేదాకా తొక్కి, కాలు అక్కడే పెట్టేశాడు.

ఇంజను ముందు అరిచింది. తర్వాత ఏడ్చింది. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటి, ఇంక పోవడానికి చోటు లేక వణుకుతూ నిలబడింది. కాలిన రబ్బరు వాసన వచ్చింది. ముందు మూత సందుల్లోంచి ఆవిరి బుస్సున లేచింది. పెద్దల్లుడికి అద్దంలోంచి ఏమీ కనిపించలేదు కాబట్టి, ముందుకి పోతున్నాననే అనుకున్నాడు. లోపల ఎక్కడో, గిన్నెల అలమర కింద పడ్డట్టు, ఢమాల్‌మని ఒక్క చప్పుడు. ఆ తర్వాత నిశ్శబ్దం. చెట్టు మీద కాకి ఒకటి, అయిపోయిందా అన్నట్టు అరిచింది.

పెద్దల్లుడు కిటికీలోంచి బయటికి వచ్చాడు. ఒక చెప్పు వచ్చింది, ఒకటి రాలేదు.

ఆసామి ట్రాక్టరు తెప్పించి, బండిని పల్లంలోంచి లాగించాడు. మెకానిక్కుని పిలిపించారు. అతను మూత ఎత్తి, ఒక రాడ్డు పెట్టి తిప్పబోయాడు. అది కదల్లేదు. "ఇంజను పట్టేసిందండీ. లోపల అన్నీ అతుక్కుపోయాయి. ఎవరు తోలారు దీన్ని?" అన్నాడు. ఒంటికాలి చెప్పుతో నిలబడ్డ మనిషిని చూసి, అతను మళ్ళీ అడగలేదు.

చిన్నల్లుడు తోట పైపు తీసుకొచ్చి బండిని కడగడం మొదలుపెట్టాడు. నీలం రంగు బయటపడుతూ ఉంటే అతని కళ్ళు చెమ్మగిల్లాయి. ఇది చూడలేక పెద్దల్లుడు మొహం తిప్పుకుని, "నాలుగు నెలల్లో బండిని ఏం చేశావో ఏమో! నా దగ్గరున్నప్పుడు ఇలాంటి పల్లాలు పది దాటింది," అని గొణిగాడు.

అప్పుడే నీళ్ళు ముందు చక్రం మీద పడి మట్టి జారింది. ఎర్ర చుక్క బయటపడింది. కిందికి ఉంది.

"ఇదేంటి?" పెద్దల్లుడు ఎగిరి చక్రం దగ్గర కూర్చున్నాడు. "చుక్క కిందికుందేంటి? నేను తిప్పానే! రెండూ నా చేత్తో తిప్పానే!"

"ఏం తిప్పారన్నయ్యా?" అన్నాడు చిన్నల్లుడు పైపు పట్టుకుని.

పెద్దల్లుడు గబుక్కున చుక్కకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అదే బాబూ నేను చెప్పబోయింది," అంది అత్తగారు. "పొద్దున నేను పైకి తిప్పాను. మీరు మళ్ళీ కిందికి తిప్పారు. మూత మీద మీరే రాశారు కదా, బురదకి ముందు తిప్పవలెను అని. కాగితం అడ్డంగా ఉంటే పీకేశాను. దస్తూరీ బాగుంది అల్లుడుగారూ, ఒక్క తప్పు లేదు."

చిన్నల్లుడు వెళ్ళి తలుపు తెరిచి, మూత మీది రాత మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుకున్నాడు. అత్తగారి చేతిలో ఉన్న క్యాలెండరు కాగితం కూడా చూశాడు. సరిగ్గా తను బండి తీసుకున్న నెల కాగితం. వెనక ఇంకా జిగురు ఉంది.

"దారిలో ఆపమన్నది దీనికా అత్తయ్యా?" అన్నాడు.

"మరి దేనికనుకున్నావు?"

అల్లుళ్ళిద్దరూ ఆ రోజు రెండోసారి చెరో దిక్కుకి చూశారు.

కొంచెం సేపటికి చిన్నల్లుడు బండి తాళం గళ్ళ తొడుగుతో తుడిచి, రెండు చేతులతో పెద్దల్లుడికి అందించాడు. అతని గొంతులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది. "బురదలో ఆగితే మీదేనన్నారు కదన్నయ్యా. ఆగింది. అత్తయ్య సాక్షి."

"అవును బాబూ," అంది అత్తగారు. "ఎవరు తోలితే ఆగాలో మాత్రం మీరు చెప్పలేదు."

పెద్దల్లుడు కోరుకున్నది కోరుకున్నట్టే దొరికింది. బుజ్జిది ఇప్పుడు వర్క్‌షాపు వెనక రేకుల కింద ఉంది. పెద్ద కూతురు దాని మీద బట్టలు ఆరేసుకుంటోంది. తలుపు మళ్ళీ చిత్రిక పట్టి, పాలిష్ వేసి ఇచ్చి వచ్చాడు. చిన్నల్లుడు మొదట్లో వ్యాను వైపు చూడను కూడా లేదు. వారం గడిచాక తుడిచాడు. తర్వాత దాని అంచుల చుట్టూ ఆకుపచ్చ గీత గీశాడు. పిల్లలు దానికి కూడా ఏదో పేరు పెట్టారు.

మొన్న పెద్దల్లుడు ఏదో పని ఉన్నట్టు నర్సరీకి వచ్చి, టీ తాగి, వ్యాను చుట్టూ రెండుసార్లు తిరిగి వెళ్ళాడు. "నా దగ్గరున్నప్పుడు దీనికి ఇంత కళ లేదు," అని గేటు దగ్గర ఎవరితోనో అన్నాడట.

చీటీలమ్మ, అరవై ఏడేళ్ళు. ప్రస్తుతం మకాం చిన్నల్లుడి ఇంట్లో. పెద్దల్లుడి ఇంటికి ఇంకా పిలుపు రాలేదు.